అరువు తెచ్చుకున్న ఎక్స్‌రే

వాళ్లు అడిగేవి

మా చెల్లెలి బిడ్డ మౌనిక కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇంటర్వ్యూకు తయారవుతోంది. మెడికల్ రికార్డుల విభాగంలో ఉద్యోగం. ఈ మధ్య పొద్దున్నే నోట్సు పట్టుకుని మా ఇంటికి వస్తోంది. మంచం మీద బాసింపట్టు వేసుకుని, కళ్లు మూసుకుని అప్పజెబుతుంది. రికార్డు అంటే ఏమిటి, ఎన్నేళ్లు దాచాలి, జబ్బులకు కోడ్ నంబర్లు ఎందుకు ఇస్తారు, ఇంటికి పంపించిన పేషెంటు కాగితాలు ఏ వరుసలో పెట్టాలి. అన్నీ సరిగ్గానే చెబుతోంది. నేను వింటూ బియ్యంలో రాళ్లు ఏరుకుంటున్నాను.

"పెద్దమ్మా, నువ్వు గిన్నేండ్లు చేసినవు గద. ఇంకేం అడుగుతరో జర చెప్పవే" అంది.

ఏం చెప్పను? నేను ఇంటర్వ్యూ మొఖం చూసినదాన్ని కాదు. మా నాయన బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. బాయి అంటే మా దగ్గర బొగ్గుగని. ఆయన ఉద్యోగం వారసత్వంగా నాకు వచ్చింది. కంపెనీ దవాఖానలో రికార్డు గది గడప మీద నిలబెట్టి "చదవడం, రాయడం వచ్చునా" అని అడిగారు. వచ్చు అన్నాను. లోపలికి రమ్మన్నారు. అంతే.

గోదావరిఖని నుంచి రామకృష్ణాపూర్, నస్పూర్ దాకా, గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా కంపెనీ దవాఖానలు ఉన్నాయి. నేను చేసింది ఎందులోనో రాయను. మనుషుల పేర్లూ మార్చాను. వాళ్ల పిల్లలు ఇంకా ఈ కాలనీల్లోనే తిరుగుతున్నారు, ఎదురుపడితే పలకరిస్తున్నారు.

మౌనిక నోట్సులో ఉన్నవన్నీ నిజమే. కానీ వాటిలో ఒక్కటి కూడా నన్ను పనిలో ఏడిపించలేదు. ఏడిపించినవి వేరే ఉన్నాయి. ఓపిక ఉన్నంత వరకు అవే రాస్తాను.

లేదని చెప్పడం కూడా చెప్పడమే

"తెలిసినవాళ్లు వచ్చి ఇంకొకరి ఫైలు చూపించమంటే ఏం చేస్తావు?" అని తప్పకుండా అడుగుతారు. "చూపించను" అని అందరూ చెబుతారు. కుర్చీలో కూర్చుని చెప్పడం తేలికే. అడిగేవాళ్లు దవాఖానకు రారు, ఇంటికి వస్తారు. అదే ఇబ్బంది.

మా కాలనీల్లో ఏ ఇంటి సంగతైనా కంపెనీ దవాఖానలో ఉంటుంది. పురుడు అక్కడే, చావు అక్కడే. అందుకని పిల్లకు సంబంధం చూసేవాళ్లు పిలగాని గుణగణాలు ఇరుగుపొరుగును అడిగి, ఆరోగ్యం సంగతి మా ఇంటికొచ్చి అడిగేవారు. ఒకామె బీరకాయలు తెచ్చింది. ఇంకొకామె ఉత్తచేతులతో వచ్చి కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

"ఏమన్న రోగం గిట్ల ఉన్నదా, జర ఫైలు చూసి చెప్పు బిడ్డా. మేం ఎవ్వలకు చెప్పం."

కొత్తలో నేను, పిలగాడు మంచిగుంటే "ఏం లేదు, ఫికర్ చెయ్యకుండ్రి" అనేదాన్ని. మంచి మాటే కదా, ఎవరికేం నష్టం అనుకున్నాను. ఆ తర్వాత ఒక పిలగాని గురించి అడిగినప్పుడు "నేను చెప్పకూడదు" అన్నాను. ఆమె ముఖం మాడిపోయింది. లేచి వెళ్లింది. ఆ సంబంధం తప్పిపోయింది. అందరికీ లేదు లేదు అని చెప్పి, ఒక్కరి దగ్గర నోరు మూసుకుంటే ఏమర్థం వస్తుంది? నేను ఏమీ చెప్పకుండానే అంతా చెప్పేశాను.

ఇది రికార్డు గదిలో నా పైవాడు ఖలీల్ సాబ్‌కు తెలిసింది. "బేటీ, లేదని చెప్పుడు గూడ చెప్పుడే. అందరికి ఒక్క మాటే చెప్పాలె, ఒక్క మొఖంతోనే చెప్పాలె" అన్నాడు. ఆ రోజు నుంచి నవ్వుతూ అయినా, పెండ్లిపందిట్లో అయినా నాది ఒక్కటే మాట: ఫైలు సంగతి నన్ను అడగొద్దు. దానివల్ల చుట్టాలు తగ్గారు. బీరకాయలూ తగ్గాయి.

ఖలీల్ సాబ్

ఆయన మా గదికి పెద్ద. ఇంట్లో దక్కనీ ఉర్దూ, గదిలో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి వచ్చేవి. కాగితాలు లేస్తాయని ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు. రామగుండం చుట్టుపక్కల ఎండ ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు నా కష్టం అర్థమవుతుంది. మొదటి ఏడాదంతా నాతో అల్మారాలు తుడిపించాడే తప్ప ఒక్క పని నేర్పలేదు. మెచ్చుకోవడం చేతకాదు. చాయ్ తెప్పిస్తే తనొక్కడికే తెప్పించుకునేవాడు. చాలా ఏళ్లు ఆయన పేరెత్తితే నాకు ఒళ్లు మండేది.

కానీ ఒక అలవాటు ఉండేది. ఏదైనా కనపడకపోతే, ఏదైనా తారుమారైతే, "దొంగను తర్వాత దేవులాడుదం, ముందుగాల మన టేబుల్ కింద చూడు" అనేవాడు. అనడమే కాదు, ఆ మోకాళ్ల నొప్పులతో తానే వంగి చూసేవాడు. నేను చూసిన అధికారుల్లో ఎక్కువమంది పక్కవాడి టేబుల్ కింద చూసినవాళ్లే.

డాక్టర్ల గురించి కూడా ఒక మాట. మంచి డాక్టరు చేతిరాత గీతలు గీతలుగా ఉంటుందని జనం నవ్వుకుంటారు. అది అబద్ధం. మనిషిని మనసుపెట్టి చూసిన డాక్టరు నాలుగు ముక్కలైనా చదవొచ్చేట్టు రాస్తాడు. గాలికి చూసినవాడే గాలికి రాస్తాడు. అట్లాంటివాళ్ల సంతకాల కోసం వార్డులు తిరిగీ తిరిగీ నా చెప్పులు అరిగాయి.

ఫిట్టు, అన్‌ఫిట్టు

బయట ఊళ్లలో డాక్టరు "నీకేం లేదు పో" అంటే మనిషి దండం పెట్టి సంతోషంగా ఇంటికి పోతాడు. మా దగ్గర అట్లా కాదు.

బాయిలో దిగేవాళ్లకు కొన్నేళ్లకోసారి వైద్య పరీక్ష ఉంటుంది. కళ్లు, చెవులు, ఛాతీ ఎక్స్‌రే. ఛాతీ బాగాలేదని తేలితే పైన తేలిక పనిలో వేస్తారు. కింద పని చేసినందుకు వచ్చే భత్యాలు పోతాయి. మరీ బాగాలేకపోతే మెడికల్ బోర్డు ముందు నిలబెట్టి "అన్‌ఫిట్" చేస్తారు. అప్పుడు తండ్రి ఇంటికి, కొడుకు బాయికి. ఆ నిబంధనలు ఎన్నిసార్లు మారాయో, ఎన్నిసార్లు ఆగి మళ్లీ మొదలయ్యాయో నాకే లెక్క లేదు. కార్మికుల లెక్క మాత్రం మారలేదు. కొడుకు చిన్నోడైతే ఎట్లాగైనా ఫిట్టు కావాలి. కొడుక్కు పద్దెనిమిది నిండితే ఎట్లాగైనా అన్‌ఫిట్టు కావాలి.

అన్‌ఫిట్ అయినవాళ్లు మిఠాయి పంచేవారు. ఫిట్ అని రాస్తే దవాఖాన మెట్ల మీద తల పట్టుకుని కూర్చునేవారు. ఆ మెట్ల మీద ఏడ్చినవాళ్లలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత రాలేదు.

మల్లయ్య మా నాయన జతగాడు, నాకు కాక, అంటే చిన్నాన్న వరస. ఇద్దరూ ఒకే షిఫ్టులో దిగి ఒకే షిఫ్టులో ఎక్కినవాళ్లు. క్వార్టర్ల వరసలో మా ఇంటికి కొంచెం అవతల ఆయన ఇల్లు. భార్య పోశవ్వను నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని. కాకకు దగ్గు పట్టుకుని అప్పటికే చాలా కాలమైంది. వీధి ఎత్తు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగి బీడీ వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకునేవాడు. ఆయన బీడీ మానేసి ఏళ్లయిందని అందరికీ తెలుసు. ఆయాసం తీర్చుకుంటున్నాడనీ తెలుసు. కొడుకు అప్పుడు బడిలో ఉన్నాడు. అంటే కాక ఇంకా చాలా ఏళ్లు ఫిట్టుగా ఉండాలి.

ఆ ఏడాది పరీక్షలు అయ్యాక కాక ఎక్స్‌రే చూసి, మళ్లీ పిలిపించమని రాసి పంపారు. నేనే బాయికి కబురు పంపాను. కాక వచ్చాడు. ఇంకో ఎక్స్‌రే తీశారు. అక్కడ మొదలైంది.

ఎముక అతుకు

ఛాతీ డాక్టరు అప్పుడు ప్రసాద్ గారు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. చదవొచ్చేట్టు రాసే రకం. ఆ మధ్యాహ్నం మూడు ఫిల్ములు పట్టుకుని విసురుగా మా గదికి వచ్చి కిటికీ అద్దానికి ఒకదాని పక్కన ఒకటి ఆనించాడు.

"ఖలీల్ గారూ, ఇలా రండి. ఇది పాత పరీక్షప్పటిది. కుడివైపు పక్కటెముక ఎప్పుడో విరిగి అతుక్కుంది, చూశారా? ఇది ఇవాళ తీసింది. ఇందులోనూ ఆ అతుకుంది. మధ్యది పోయిన నెలది. ఇందులో అతుకే లేదు. ఎముక అతుకు మాయమైపోయి మళ్లీ రాదు కదండీ."

ఖలీల్ సాబ్ కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు.

"అంటే మధ్యది మల్లయ్యది కాదు. మీ దగ్గర కవర్లు మారిపోయాయి" అన్నాడు డాక్టరు. ఖలీల్ సాబ్ ముఖం చిన్నబోయింది. అంతలోనే డాక్టరు గొంతు తగ్గించాడు. "మీమీద అరవడానికి రాలేదండీ. మధ్యదాంట్లో ఈ పైన మచ్చ చూడండి. టీబీ అనుకుంటున్నాను. మందులు వాడితే తగ్గిపోతుంది, వాడకపోతే మనిషి పోతాడు. ఈ ఛాతీ ఎవరిదో అతనికి తన సంగతి తెలీదు. ఇంట్లో అందరి మధ్యా దగ్గుతూ తిరుగుతుంటాడు. నాకు ఆ మనిషి కావాలి."

ఖలీల్ సాబ్ టేబుల్ కింద చూడటం మొదలుపెట్టాడు. పోయిన నెల పరీక్ష రోజు తీసిన ఫిల్ములన్నీ బయటికి తీయించాడు. ఎక్స్‌రే గదిలో రాసుకున్న నంబర్లతో ఒక్కొక్కటీ సరిచూశాం. అన్నీ సరిపోయాయి. అయినా ఆయన ఆగలేదు. తప్పు మనదే అనుకుని, ఆ రోజు పరీక్షకు వచ్చినవాళ్లందరినీ మళ్లీ రమ్మని బాయి నోటీసు బోర్డు మీద పెట్టించాడు. వాళ్లు మస్టర్, అంటే ఆ రోజు హాజరు, పోయిందని గొణుక్కుంటూ వచ్చారు. డాక్టరు అందరినీ చూశాడు. మచ్చ ఉన్నవాడు లేడు.

మల్లయ్య కాకను కూడా అడిగాం. "నాకేం ఎరుక బిడ్డా? రమ్మన్నరు, వచ్చిన. నిలవడుమన్నరు, నిలవడ్డ" అన్నాడు. నా కళ్లలోకి చూడలేదు.

కాక వెళ్లిపోయాక ఖలీల్ సాబ్ మెల్లగా అన్నాడు: "కవరు మారలేదు బేటీ. మనిషే మారిండు. తన జాగల ఎవలనో నిలవెట్టిండు."

"మరి గట్టిగ అడగరాదా సాబ్?"

"అడిగితే నౌకరి పోతదని ఇంకింత గట్టిగ అబద్ధమాడతడు. భయపడ్డోనితోని నిజం చెప్పించుడు మనతోని గాదు."

అప్పట్లో అది కొత్త విషయమేమీ కాదు. గుంపులో పేరు పిలుస్తారు, ఒకడు లేచి వెళతాడు. గుర్తింపు కార్డు మీద ఫొటో ఎప్పుడో ఉద్యోగంలో చేరిన నాటిది, చెమటకు వెలిసిపోయి ఉంటుంది. ఛాతీ బాగాలేనివాడు బాగున్నవాడిని పంపుతాడు. తమ్ముడినో, బామ్మర్దినో. రెండోసారి ఒక్కడినే పిలిచేసరికి కాకకు ఆ వీలు లేకపోయింది. అరువు సొమ్ము బరువు చేటు అంటారు. ఇక్కడ అరువు తెచ్చుకున్నది ఛాతీని. అరువిచ్చినవాడు నిక్షేపంగా ఉన్నాడనే ఇద్దరూ అనుకున్నారు.

నల్లా దగ్గర

మా వరసకంతా ఒకటే నల్లా. మర్నాడు సాయంత్రం పోశవ్వ చిన్నమ్మ నా వెనక నిలబడింది.

"దవాఖానకు అందర్ని మల్ల పిలిచిన్రట, ఎందుకు బిడ్డా?"

పేరు చెప్పకూడదు. ఎవరి ఫైలో చెప్పకూడదు. నోటీసు బోర్డు మీద ఉన్నంతవరకు చెప్పవచ్చు అనుకున్నాను. "ఒకల ఛాతీల మచ్చ కనవడ్డది చిన్నమ్మా. ఆ మనిషి దొరుకుత లేడు. దొరికితే మందులు ఇస్తరు, బతుకుతడు."

"దొరకకపోతే?"

నా బిందె నిండితే పక్కకు జరిగాను. ఆమె బిందె నిండి పొర్లుతోంది. ఆమె నల్లా కట్టేయలేదు. వెనకవాళ్లు తిట్టారు, అయినా అట్లాగే నిలబడింది.

ఆమెకు తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. ఏం చేస్తుందో మాత్రం తెలియలేదు. ఆ మాట బయటపెడితే మొగని ఉద్యోగం పోవచ్చు. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, కొడుక్కు రావలసింది పోతుంది. నోరు మూసుకుంటే ఏమీ పోదు, ఒక్క మనిషి తప్ప. ఇంటికి వచ్చి నేను సరిగా తినలేదు. నా చేతిలో ఏమీ లేదు. ఈ పనిలో చాలా రోజులు అట్లాగే ఉంటాయి మౌనికా, అన్నీ తెలుస్తుంటాయి, చేతిలో ఏమీ ఉండదు.

మరునాడు పోశవ్వ చిన్నమ్మ రికార్డు గదికి వచ్చింది. ఒక మనిషిని మణికట్టు పట్టుకుని, పారిపోతాడేమో అన్నట్టు లాక్కొచ్చింది. ఆమె తమ్ముడు రాజేశం. బసంత్‌నగర్‌లో సిమెంటు బస్తాలు మోసేవాడు. మాకు మామ వరస. కనపడితే "ఏం కోడలా" అని ఆటపట్టించేవాడు. ఆ రోజు తల దించుకుని నిలబడ్డాడు.

"గా మచ్చ వీనిది" అంది చిన్నమ్మ.

ఖలీల్ సాబ్ లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోనివ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఆమె కూర్చోలేదు.

"అమ్మా, గిది రాస్తే మీ ఇంటాయన నౌకరికి ఎసరు వస్తది. ఆయనకు చెప్పినవా?"

"చెప్పలే. చెప్తే రానియ్యడు."

"అక్కా, వద్దే" అన్నాడు రాజేశం. "నాకేమైంది? మంచిగనే ఉన్న. సిమెంటు దుమ్ముకు జర దగ్గు, గంతే. బావ బతుకు ఆగం చెయ్యకు."

"నువ్వు సప్పుడు చెయ్యకు." ఆమె వాడి వైపు చూడకుండానే అంది. "సాబ్, నౌకరి పోతే కూలికి పోత. తమ్ముడు పోతే యాడికెల్లి తేవాలె?"

నేను గోడ వైపు తిరిగి ఫైళ్లు సర్దుతున్నట్టు నటించాను. ఏడుపు ఆగలేదు.

డాక్టర్ ప్రసాద్ రాజేశాన్ని చూశాడు, కఫం పరీక్షకు పంపాడు. టీబీయే. రాజేశం మా కంపెనీ మనిషి కాడు కాబట్టి మా దగ్గర మందులు ఇవ్వడానికి లేదు. డాక్టరు తానే సర్కారు దవాఖానకు చీటీ రాసి, ఎవరిని కలవాలో చెప్పి పంపాడు. "ఇట్లా ఎందుకు చేసినవు మామా?" అని నేను అడిగితే రాజేశం వెర్రి నవ్వు నవ్వాడు.

"బావ అడిగిండు కోడలా. ఛాతీయే గద, ఇస్తే అరుగుతదా అనుకున్న."

ఒక్క గీత

ఇక మిగిలింది కాక ఫైలు. ఆ ఫిల్మును తీసి పారేస్తే సరిపోయేది. ఎవరూ అడగరు. నా మనసులో అదే ఉంది, దాచను. మా నాయన జతగాడు కదా. ఖలీల్ సాబ్ నా ముఖం చూసి గ్రహించాడు.

"తీసేస్తే ఇవాల్టికి మంచిగుంటది. రేపు ఈయన నిజంగ మంచానవడితే, డాక్టర్ ఫైలు తెరుస్తడు. నడుమ ఒక్కటి లేదు. ఎందుకు లేదు, ఎవలు తీసిన్రు అంటడు. ఆ ఒక్కదాని కోసం మిగిలినయి గూడ నమ్మడు."

నా చేతనే చేయించాడు. కవరు మీద, పరీక్ష కాగితం మీద ఒక్కటే గీత. కింద రాసింది చదవొచ్చేట్టు. పైన, ఇది ఈ మనిషిది కాదు, ఇంకొకరు నిలబడగా తీసినది అని రాయించాడు. డాక్టరు సంతకం, ఆయన సంతకం, నా సంతకం. మౌనిక నోట్సులో కూడా ఈ సంగతి ఉంది, తప్పు రాస్తే తుడపకూడదు, ఒక్క గీత గీసి సరిచేయాలి అని. ఇంటర్వ్యూలో అది చెబితే మార్కులు వేస్తారు. నా చెయ్యి మాత్రం ఆ గీత గీయడానికి చాలాసేపు లేవలేదు.

కాకకు ఛార్జిషీటు వచ్చింది. కొంతకాలం పనిలోకి రానివ్వలేదు. యూనియన్ నాయకులు తిరిగి, బతిమాలి, ఆఖరికి ఉద్యోగం నిలబెట్టారు. కానీ కిందికి దిగనివ్వలేదు. పైన ల్యాంపు రూములో, దిగేవాళ్లకు లైట్లు అందించే పనిలో వేశారు. ఆయన ఒకసారి మా గది గుమ్మం దాకా వచ్చాడు.

"మీ నాయిన నేను ఒక్క డబ్బల తిన్నం. ఆయన బిడ్డవై ఉండి నా నోట్ల మన్ను కొడ్తివి."

నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. ఆయన నోట్లో పడ్డ మన్ను కంటే రాజేశం ప్రాణం తక్కువదా? ఆ మాట అనలేదు. అననందుకు ఇప్పుడు సంతోషమే.

ఇంట్లో కూడా ఆయన చిన్నమ్మతో మాట మానేశాడు. "మీ అమ్మను అన్నం పెట్టుమను" అని కొడుకుతో చెప్పించేవాడు. చిన్నమ్మ అన్నం పెట్టేది. మిగిలిన అన్నం, గుడ్లు టిఫిను డబ్బాలో పెట్టుకుని బసంత్‌నగర్ బస్సెక్కేది. తమ్ముడు మందులు ఆపకుండా కాపలా కాసింది. కొన్ని నెలలకు రాజేశం ఒళ్లు చేశాడు. దగ్గు పోయింది. మళ్లీ నన్ను కోడలా అని పిలవడం మొదలుపెట్టాడు.

మిఠాయి

తర్వాత ఏళ్లు ఎట్లా గడిచాయో సరిగా గుర్తులేదు. కంప్యూటర్లు వచ్చాయి. ఖలీల్ సాబ్ రిటైరయ్యాడు. వెళ్లేరోజు నాకు చాయ్ తెప్పించాడు, అంతే. రాష్ట్రం కోసం సమ్మె జరిగినప్పుడు బాయిలన్నీ ఆగిపోయాయి, ఊరంతా రోడ్ల మీద వంటలు చేసుకుంది. దవాఖాన మాత్రం ఆగలేదు. రోగాలు సమ్మె చేయవు కదా.

కాక కొడుక్కు వయసు వచ్చింది. అప్పటికి కాక ఛాతీ పూర్తిగా చెడింది. టీబీ కాదు, మచ్చ కాదు. అన్నేళ్లు పీల్చిన బొగ్గుదుమ్ము. దానికి మందు లేదు. పైన పనిలో వేసేనాటికే ఊపిరితిత్తుల నిండా పేరుకుపోయింది. మెడికల్ బోర్డు ఫైలు తెప్పించుకుంది. నేనే తీసుకెళ్లాను. గీత గీసిన కవరు వాళ్ల చేతుల్లోకి వెళ్లింది. ఒక డాక్టరు చదివాడు, పక్కాయనకు ఇచ్చాడు. ఎందుకు కొట్టేశారో రాసి ఉంది, సంతకాలు ఉన్నాయి. వాళ్లు దాన్ని పక్కన పెట్టి మిగిలిన ఫిల్ములు చూశారు. అన్‌ఫిట్ అని రాశారు.

కాక తానే వచ్చాడు, మెట్టు మెట్టుకూ ఆగుతూ. చేతిలో మిఠాయి డబ్బా. అన్నేళ్ల తర్వాత నాతో మాట్లాడటం అదే.

"తిను బిడ్డా. అన్‌ఫిట్ అయిన."

ఆయన ముఖం వెలిగిపోతోంది. మైసూర్‌పాక్ గొంతు దిగలేదని రాస్తే అబద్ధం. మధ్యాహ్నం అన్నం తినలేదు, ఆకలిగా ఉంది, తిన్నాను. ఆయన వెళ్లిపోయాక ఏడ్చాను. ఒక తండ్రికి ఊపిరి అందదని తేలినందుకు మిఠాయి తిన్నాను. ఇట్లాంటి చోట పనిచేశాను నేను.

"ఒకే పేరు మీద ఇద్దరి రికార్డులు కలిసిపోతే ఏం చేస్తావు?" అని నిన్ను అడుగుతారు మౌనికా. నోట్సులో ఉన్న జవాబే చెప్పు. విడదీస్తాను, సరిచేస్తాను, పై అధికారికి తెలియజేస్తాను అను. అది సరైన జవాబు. ఈ కథ చెప్పకు. వాళ్లకు అంత తీరిక ఉండదు. కానీ విడదీయవలసి వచ్చినప్పుడు ముందు కాగితాన్ని చూడకు. ఆ రెండో మనిషి ఎక్కడున్నాడో, ఎట్లా ఉన్నాడో చూడు.

ఇంకొక్కటి రాసి ఆపుతాను.

తెలంగాణ వచ్చిన రోజులవి. బయట డప్పులు, రంగులు. మా గేటు వాచ్‌మన్ కూడా మొఖమంతా గులాబీ రంగుతో ఉన్నాడు. పాత ఫైలు కావాలని వార్డు నుంచి కబురొస్తే తీసుకుని పైకి వెళ్లాను. మల్లయ్య కాక. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. గాలి కోసం మెడ నరాలు తేలుతున్నాయి. కొడుకు బాయిలో డ్యూటీకి పోయాడు. చిన్నమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. తల దగ్గర రాజేశం మామ అట్టముక్కతో విసురుతున్నాడు. బస్తాలు మోసిన మనిషి, నిండుగా, గట్టిగా ఉన్నాడు. ఆయన రొమ్ము లేస్తూ పడుతూ ఉంటే కాక దాన్నే చూస్తున్నాడు.

డాక్టరు ఫిల్ములు కిటికీకి ఆనించి ఒక్కొక్కటే చూసి, మళ్లీ కవర్లలో పెట్టేశాడు. గీత గీసిన కవరు పైనే ఉంది. రాజేశం మామకు చదువు రాదు, అయినా గుర్తుపట్టాడు. నేను బయటికి వస్తుంటే వెంట వచ్చాడు. వరండాలో ఆపి, ఆ కవరు మీద చెయ్యి పెట్టాడు.

"కోడలా, అప్పుడు దొంగతనంగ ఇచ్చిన, తప్పే. ఇప్పుడు అందరి ముంగట ఇస్త. సంతకం వెట్టమంటే వేలిముద్ర వేస్త. ఈ ఛాతి తీసి బావకు వెట్టుమని డాక్టర్‌కు జర చెప్పరాదు?"

కింద డప్పులు మోగుతున్నాయి. "గట్ల కాదు మామా" అన్నాను. అయినా ఆయన కవరు మీది నుంచి చెయ్యి తీయలేదు.